పక్కింటివాళ్ళ గలిజేరు, మావయ్య అటికమామిడి: పాఠకుల ప్రశ్నలకి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, మెసేజ్‌లు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. క్లోరోప్లాస్ట్ జీనోమ్ అని ఏదో వచ్చిందంట, దాంతో మందు మొక్క అసలుదో నకిలీదో పట్టేస్తారంట, నిజమేనా అండీ అని. అన్నిటికీ చోటు సరిపోదు కాబట్టి కొన్నే తీసుకున్నాను, మొదటిదానికి మాత్రం పెద్ద జవాబు రాశాను, ఎందుకంటే అందులో ఒక మనిషి ప్రాణం సంగతి ఉంది.

ప్రశ్న: మా నాన్నగారికి క్రియాటినిన్ పెరిగింది, డాక్టర్ గారు మందులు రాశారు. పక్కింటి పిన్నిగారు తెల్ల గలిజేరు కషాయం తాగిస్తే కిడ్నీలు బాగైపోతాయని మొక్కలు తెచ్చి ఇచ్చారు. మా మావయ్య అది కాదు, అటికమామిడే ఆయుర్వేదంలో చెప్పిన అసలు పునర్నవ అని ఇంకో మొక్క తెచ్చాడు. రెండూ ఒకలా లేవు. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు ఎండబెట్టి పొడి కొట్టి పంపు, క్లోరోప్లాస్ట్ జీనోమ్ టెస్ట్ చేయిస్తా అంటున్నాడు. పంపమంటారా? (పి.గన్నవరం నుంచి ఒక సోదరి)

జవాబు: అమ్మా, పొడి సంగతి తర్వాత, ముందు నాన్నగారి సంగతి. ఆ రెండిట్లో ఏది అసలు పునర్నవ అని తేలినా సరే, కిడ్నీ డాక్టర్ గారికి చెప్పకుండా కషాయం మొదలుపెట్టకండి. ఆకుకూర ఏదైనా పొటాషియం ఉంటుంది, గలిజేరులో ఆక్సలేట్లు కూడా ఎక్కువే, కిడ్నీలు బాగున్నవాళ్ళు పప్పులో వేసుకుని తింటే ఏమీ కాదు, మనవైపు వానలు పడగానే గట్ల మీద కోసుకొచ్చి వండుకునేదే కదా, కానీ కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి ఆ పొటాషియం ఒంట్లోంచి సరిగ్గా పోదు, రక్తంలో పేరుకుపోతే గుండె మీదకొస్తుంది. పిన్నిగారు మంచి మనసుతోనే ఇచ్చారు, ఆవిడ మీద కోపం పెట్టుకోవద్దు, కానీ ఆ గ్లాసు మాత్రం పక్కన పెట్టండి.

ఇప్పుడు మొక్కలు. మీరు పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూశాను. మొదటిది, పిన్నిగారిది, ఆకులు కండగా ఉన్నాయి, పువ్వు ఎక్కడుందో వెతుక్కోవాలి, ఆకు తొడిమ మొదట్లో చిన్న సంచిలాంటి దాంట్లో ఒక్కటే పువ్వు కూరుకుపోయినట్టు ఉంది. అది గలిజేరు, ట్రయాంథిమా పోర్టులకాస్ట్రమ్. రెండోది, మావయ్యది, సన్నటి కాడల చివర ఆవగింజంత గులాబీ రంగు పూలు గుత్తులుగా ఉన్నాయి, కాయలు జిగురుగా ఉంటాయి, గట్టు మీద నడిస్తే పంచె అంచుకి, చీర కుచ్చిళ్ళకి అంటుకుని ఇంటిదాకా వచ్చేస్తాయి చూడండి, అవే. అది అటికమామిడి, బోయర్హేవియా డిఫ్యూజా. మన ఆయుర్వేద ఫార్మకోపియాలో, అంటే మందుల ప్రామాణిక గ్రంథంలో, రక్తపునర్నవ అని రాసింది ఈ రెండోదాన్నే, కాబట్టి పేరు వరకు మావయ్య మాటే రైటు. ఈ రెండూ కలిసిపోవడానికి కారణం ఉంది. రెండూ నేల మీద పాకేవే, రెండిట్లోనూ జత ఆకుల్లో ఒకటి పెద్దది ఒకటి చిన్నది, పూత లేనప్పుడు పీక్కొస్తే ఎవరైనా పొరబడతారు, పైగా అటికమామిడినే ఎర్ర గలిజేరు అనేవాళ్ళు కూడా ఉన్నారు.

చూశారా, పువ్వు కనబడితే చాలు, ఏ మెషీనూ లేకుండా తేలిపోయింది. పొడి చేసేస్తే మాత్రం పువ్వూ లేదు ఆకూ లేదు, అప్పుడే డీఎన్‌ఏ అవసరం వస్తుంది. ఆకు పచ్చగా ఉండేది హరితరేణువుల వల్ల అని చిన్న క్లాసుల్లోనే చదువుకున్నాం, క్లోరోప్లాస్ట్ అంటే అదే. వంద కోట్ల ఏళ్ళకి ముందెప్పుడో అవి నీళ్ళలో విడిగా బతికిన సయనోబాక్టీరియాలు, ఒక కణం వాటిని మింగింది కానీ అరిగించుకోలేదు, లోపలే ఉంచేసుకుంది, అందుకే వాటికి ఇప్పటికీ సొంత డీఎన్‌ఏ ఉంది. పూల మొక్కల్లో చాలావాటికి అది లక్షా ఇరవై వేల నుంచి లక్షా అరవై వేల అక్షరాల పొడవు ఉంటుంది. అక్షరాలంటే ఎ, టి, జి, సి అని నాలుగే, వాటి వరస ఒక్కో జాతికి ఒక్కోలా మారుతుంది, ఆ వరస చదివి ముందే తెలిసిన మొక్కల వరసలతో పోల్చడమే ఈ టెస్ట్.

మీ మొక్కలకి మొత్తం జీనోమ్, అంటే ఆ అక్షరాల వరసంతా, చదివించక్కర్లేదు. అటికమామిడి కాగితం పూల కుటుంబం, గలిజేరు ఇంకో కుటుంబం, కాబట్టి క్లోరోప్లాస్ట్‌లో ఆర్‌బిసిఎల్ అనే జీన్‌లో ఆరువందల లోపు అక్షరాలు చదివితే ఏది ఏదో తెలిసిపోతుంది. కషాయం కాచి వడగట్టి పంపితే మాత్రం పెద్దగా లాభం ఉండదు, మరిగేసరికి డీఎన్‌ఏ ముక్కలు ముక్కలైపోతుంది.

ఇంకోటి కూడా చెప్పాలి, ఇది మీ నాన్నగారి జబ్బుకి దగ్గరి కథ. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికని కొంతమంది ఆడవాళ్ళకి చైనా మూలికలు కలిపిన మందు ఇచ్చారు. అందులో వేయాల్సింది హాన్ ఫాంగ్జీ, అంటే స్టెఫానియా టెట్రాండ్రా, పేరు దగ్గరగా ఉండేసరికి దాని బదులు గ్వాంగ్ ఫాంగ్జీ వచ్చి పడింది, అది అరిస్టలోకియా. వంద మంది దాకా కిడ్నీలు పాడైపోయాయి, చాలామందికి డయాలసిస్సో, కిడ్నీ మార్పిడో తప్పలేదు, కొందరికి తర్వాత కేన్సర్ కూడా వచ్చింది. మన ఈశ్వరి తీగ కూడా ఆ అరిస్టలోకియా జాతే. ఒక్క పేరు తారుమారైతే ఎంత దూరం పోయిందో చూడండి. అందుకే ఈ గుర్తింపు పని చిన్నదని నేను అనుకోను.

కానీ తల్లీ, టెస్ట్ చెప్పేది "ఇది ఏ మొక్క" అనే వరకే. అందులో మందు ఎంత ఉంది, వేరు వాడారా ఆకు వాడారా, పక్క చేలో కొట్టిన పురుగుమందు దాని మీద పడిందా, ఇవేవీ డీఎన్‌ఏలో రాసి ఉండవు. ఆకుల్లోని క్లోరోప్లాస్ట్‌లలో ఉన్న డీఎన్‌ఏనే వేళ్ళలో కూడా ఉంటుంది, ప్లాస్టిడ్లు అనే వాటి రంగు లేని చుట్టాల్లో, కాబట్టి ఏ భాగమో చెప్పాలంటే మైక్రోస్కోప్ చూడాలి, మందు ఎంతో చెప్పాలంటే కెమిస్ట్రీ పరీక్ష చేయాలి. తమ్ముడికి ఈ డబ్బు నాన్నగారి రక్త పరీక్షలకి ఉంచమని చెప్పండి.

ప్రశ్న: సార్, న్యూక్లియస్‌లో అంత డీఎన్‌ఏ ఉండగా మొక్కల గుర్తింపుకి క్లోరోప్లాస్ట్‌నే ఎందుకు పట్టుకుంటారు? ఇంకో డౌట్, మా పాత బుక్‌లో నీటి బ్రహ్మిని స్క్రోఫులారియేసి అని ఇచ్చారు, మేడం ప్లాంటాజినేసి అని రాయమంటున్నారు. ఏది రాయాలి? (అమలాపురం, డిగ్రీ బోటనీ విద్యార్థి)

జవాబు: మేడం చెప్పిందే రాయి బాబూ. మొదటి డౌట్‌కి జవాబులోనే రెండోది కూడా ఉంది.

ఒక ఆకు కణంలో న్యూక్లియస్ ఒకటే, క్లోరోప్లాస్ట్‌లు పదుల్లో ఉంటాయి, ఒక్కో దాంట్లో మళ్ళీ జీనోమ్ కాపీలు బోలెడు, అంటే ఒక్క కణంలోనే వేల కాపీలు దొరుకుతాయి. ఎండి, నలిగి, బూజు వాసనొచ్చే వేరు ముక్కలో డీఎన్‌ఏ సగం పాడైపోయినా, అన్ని కాపీల్లో ఏదో ఒకటి మిగులుతుంది. రెండోది, అది చిన్నది. వరికి న్యూక్లియస్‌లో సుమారు నలభై కోట్ల అక్షరాలు, క్లోరోప్లాస్ట్‌లో 1,34,525. మూడోది, చాలా పూల మొక్కల్లో అది తల్లి నుంచే వస్తుంది, తండ్రి వైపుది కలగాపులగం అవ్వదు, కాబట్టి వంశం వెనక్కి లాగడం తేలిక. నాలుగోది, దాని అమరిక చాలా మొక్కల్లో ఒకేలా ఉంటుంది. ఒక గాజు గీసుకో, అందులో ఒక పెద్ద ముక్క, ఒక చిన్న ముక్క, ఆ రెంటి మధ్యా అటొకటి ఇటొకటి అద్దంలో చూసినట్టు తిరగేసిన జంట ముక్కలు. ఏ మొక్కదైనా ఆ గాజు పక్కపక్కన పెట్టి ఎక్కడ అక్షరం మారింది, ఎక్కడ జీన్ జారిపోయింది అని పోల్చుకోవచ్చు.

మొత్తం చదివిన మొదటి క్లోరోప్లాస్ట్ జీనోమ్‌లు 1986లో వచ్చాయి, రెండూ జపాన్ వాళ్ళ పనే, ఒకటి మార్కాంషియా అనే, తడి నేల మీద పరుచుకునే పువ్వుల్లేని చిన్న మొక్క, నీ ఫస్టియర్ రికార్డులో బొమ్మ వేసే ఉంటావు, రెండోది పొగాకు. మన గోదారి లంకల్లో పండే ఆ పొగాకే, సుమారు లక్షా యాభై అయిదు వేల అక్షరాలు. అప్పట్లో అది ఏళ్ళ తరబడి పని. ఇప్పుడు ఆకు డీఎన్‌ఏ అంతటినీ పైపైన చదివేసి, అందులో కాపీలు ఎక్కువున్న క్లోరోప్లాస్ట్ ముక్కల్ని కంప్యూటర్‌తో ఏరి గాజుగా అతికించేస్తున్నారు, దీన్నే జీనోమ్ స్కిమ్మింగ్ అంటారు, పాల మీద మీగడ తీసినట్టే.

ఇక కుటుంబాల గొడవ. 1993లో ఆర్‌బిసిఎల్ ఒక్క జీన్ వరసలు పట్టుకుని దాదాపు 500 విత్తన మొక్కల వంశవృక్షం గీశారు, అక్కణ్ణుంచి పువ్వు చూసి కట్టిన పాత కుటుంబాలు కొన్ని నిలబడలేదు. 1998లో ఏపీజీ అని కొత్త వర్గీకరణ వచ్చింది, 2016కి నాలుగో వెర్షన్ అయింది. స్క్రోఫులారియేసి అందులో ముక్కలైపోయింది, నీటి బ్రహ్మి వెళ్ళి ఇసబ్‌గోల్ ఉన్న కుటుంబంలో పడింది. చాలామంది బ్రహ్మి అని పిలిచే ఇంకో మొక్క, సరస్వతి ఆకు, కొత్తిమీర చుట్టం. రెండూ మన కాలవ గట్ల తడిలోనే పెరుగుతాయి, రెండిటికీ పేరు ఒకటే, మందు గుణం ఇచ్చే రసాయనాలు మాత్రం వేరు. వైవాలో అడిగితే ఈ ఉదాహరణ చెప్పు.

ప్రశ్న: మాది కడియం దగ్గర నర్సరీ అండి. బెంగుళూరు నుంచి ఒకాయన అశోక మొక్కలు వెయ్యి కావాలన్నాడు, పంపితే ఇవి అశోకం కాదు, డీఎన్‌ఏ సర్టిఫికెట్ ఇవ్వు అంటున్నాడు. మేం ముప్పై ఏళ్ళుగా వీటినే అశోకం అని అమ్ముతున్నాం.

జవాబు: మీరు అబద్ధం ఆడలేదండి, కానీ ఆయన చెప్పిందీ నిజమే అయి ఉంటుంది. స్కూళ్ళ ముందు, కాలేజీ గోడల వెంట జెండా కర్రల్లా నిటారుగా పెంచేది నరమామిడి, అంచులు అలలు తిరిగిన ఒంటరి ఆకులు, అది సీతాఫలం కుటుంబం. మందుకి బెరడు తీసే అసలు అశోకం వేరు, ఒక కాడకి జతలు జతలుగా ఆకులు, లేతాకులు రాగి రంగులో వేలాడతాయి, పూలు నారింజ రంగులో గుత్తులు, తర్వాత కాయలు చిక్కుడు జాతిలా. అది చింతచెట్టు చుట్టం. దీనికి సర్టిఫికెట్ ఎందుకు, ఒక ఆకు కాడ తెంపి ఫోటో పంపితే సరిపోతుంది.

అయితే బెరడు ఎండి గోనెలోకి ఎక్కాక మాత్రం గొప్ప అనుభవం ఉన్నవాళ్ళే తడబడతారు. మన దేశం మార్కెట్లో అశోక బెరడు అని అమ్మేవి కొని డీఎన్‌ఏ, రసాయన పరీక్షలు రెండూ చేసి చూస్తే వందకి ఎనభైకి పైగా అశోకమే కాదని తేలింది. ఆడవాళ్ళు రక్తస్రావం తగ్గాలని తాగే మందు అది, తాగేది ఏ చెట్టు బెరడో తెలియకుండా తాగుతున్నారు, నాకు దీని మీద నిజంగా బాధ ఉంది. అసలు చెట్టు అడవుల్లో తరిగిపోతోంది కాబట్టే నకిలీ పెరుగుతోంది. మీ కడియం, కడియపులంక నర్సరీల వాళ్ళు తల్చుకుంటే అసలు అశోకం మొక్కలు ఎంతైనా తీయగలరు. విత్తనం ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని, తల్లి చెట్టు ఫోటోతో సహా రాసి పెట్టుకుని మొదలుపెట్టండి, ఆ బెంగుళూరు పార్టీయే మీకు పర్మనెంట్ అయిపోతుంది.

ప్రశ్న: నేను నరసాపురంలో ఆయుర్వేదం ప్రాక్టీస్ చేస్తాను. నేల ఉసిరి కొట్లో కొంటే ఒక్కోసారి గుణం కనిపిస్తుంది, ఒక్కోసారి కనిపించదు. మొక్కలో తేడా ఉందేమో క్లోరోప్లాస్ట్‌తో తేలుతుందా?

జవాబు: డాక్టర్ గారూ, మొత్తం జీనోమ్ అక్కరకొచ్చేది ఇలాంటి దగ్గరి చుట్టాల దగ్గరే. మీ ఉత్తరం చూశాక నేనూ ఒక మూలికల కొట్లో నేల ఉసిరి కట్ట ఒకటి కొన్నాను. రాత్రి గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, పొద్దున తెల్లగుడ్డ మీద ఒక్కో రెమ్మా పరిచి లెన్స్ పెట్టి చూశాను. చాలావాటికి పువ్వు కింద రేకులు అయిదు, అంటే ఫిల్లాంథస్ అమారస్, మీకు కావలసింది. కొన్నిటికి ఆరు, అది ఫ్రాటెర్నస్. రెండు రెమ్మలు మాత్రం కాడ ఎర్రగా, కాయ తొడిమ లేకుండా గరుకుగా, అది యూరినేరియా. ఒకే కట్టలో మూడు జాతులు! కోసేవాళ్ళని తప్పు పట్టలేం, గట్టు మీద మూడూ కలిసే మొలుస్తాయి, ఆకు కింద ఉసిరికాయ కనబడితే కోసేస్తారు.

దక్షిణాదిలో 25 కొట్ల నుంచి కొన్న నేల ఉసిరిని పరీక్షించినప్పుడు 76 శాతం శాంపిల్స్‌లో అమారసే ఉంది, మిగతా 24 శాతంలో ఇతర ఫిల్లాంథస్ జాతులు దొరికాయి. లివర్‌కి పనిచేస్తుందని చెప్పుకునే ఫిల్లాంథిన్ అనే రసాయనం ప్రధానంగా అమారస్‌లోదే, కాబట్టి మీ అనుమానంలో పస ఉంది. ఇలాంటి చోట చిన్న బార్‌కోడ్, అంటే జాతిని గుర్తుపట్టడానికి చదివే పొట్టి డీఎన్‌ఏ ముక్క, ఒక్కోసారి చేతులెత్తేస్తుంది. 2009లో అంతర్జాతీయంగా మొక్కల బార్‌కోడ్‌కి ఆర్‌బిసిఎల్, మ్యాట్‌కె అని రెండు జీన్లు ఎంచుకున్నప్పుడే, ఆ రెండూ కలిసి విడదీయగలిగింది 72 శాతం జాతుల్నే అని వాళ్ళే రాశారు. మిగిలిన వాటికి లక్షన్నర అక్షరాలూ చదివితే ఎక్కడో ఒకచోట తేడా దొరికే అవకాశం ఎక్కువ, అందుకే మొత్తం జీనోమ్‌ని సూపర్ బార్‌కోడ్ అంటున్నారు.

ఒక జాగ్రత్త. మిశ్రమం పొడిలో మూడు జాతుల డీఎన్‌ఏ కలిసే వస్తుంది, దాన్ని ఒకే మొక్క అనుకుని అతికిస్తే తప్పు గాజు తయారవుతుంది. మీరు మాత్రం పొడి కొనడం మానేసి, పూత కాయ ఉన్న కట్టలే కొని ఒక గుప్పెడు నానబెట్టి చూసుకోండి, పావుగంట పని.

ప్రశ్న: తిప్పతీగ వాడితే లివర్ పాడైందని చదివాను. అది వేరే తీగ అని కొందరు అంటున్నారు. మా పెరట్లో వేపకి అల్లుకుంది, వాడొచ్చా? (పాలకొల్లు)

జవాబు: కరోనా టైంలో ఈ కేసులు బయటికొచ్చినప్పుడు ఆయుష్ మంత్రిత్వ శాఖ చెప్పింది ఏంటంటే, దీన్ని పోలిన టినోస్పోరా క్రిస్పా అనే తీగతో పొరబడి ఉండొచ్చు అని. తేడాలు కూడా ఇచ్చారు. మనది పచ్చటి కాడ, బొడిపెలు ఉండవు, పాలు కారవు, కాయలు గుండ్రంగా ఎర్రగా. క్రిస్పాకి కాడ బూడిద రంగు, నిండా బొడిపెలు, పాలు కారతాయి, కాయ కోలగా నారింజ రంగు. మీ వేప మీదది చేత్తో తడిమి చూసుకోండి. కానీ తర్వాత దేశంలో 13 ఆసుపత్రుల లివర్ డాక్టర్లు కలిసి 43 మంది కేసులు ప్రచురించారు, వాటిని అసలు తిప్పతీగ కిందే లెక్కేశారు, ఆ లివర్ దెబ్బ చాలామందిలో ఒంటి రక్షణ వ్యవస్థ తన లివర్ మీదే తిరగబడినట్టు ఉంది. కాబట్టి క్లోరోప్లాస్ట్ పరీక్షలో ఇది అసలు తిప్పతీగే అని తేలినా అందరికీ సేఫ్ అని కాదు. థైరాయిడ్, లివర్ లాంటి సమస్యలు ఉన్నవాళ్ళు రోజూ తాగే అలవాటు వద్దండి, మీరు ఏ మందులు వాడుతున్నారో చెప్పి డాక్టర్‌ని అడగండి.

ప్రశ్న: కర్పూర చక్రకేళి పిలకల్లో కల్తీ పట్టడానికి ఈ పరీక్ష పనికొస్తుందా? (రావులపాలెం రైతు)

జవాబు: దీనికి అంతగా పనికిరాదండి. కర్పూర చక్రకేళి రెండు అడవి అరటి జాతుల కలయిక, అరటిలో క్లోరోప్లాస్ట్ తల్లి నుంచే వస్తుంది, కాబట్టి తల్లి వైపు చుట్టరికమే చెప్తుంది, తండ్రి ఎవరో చెప్పదు. ఒకే తల్లి వైపు నుంచి వచ్చిన రకాలు దాదాపు ఒకేలా కనిపిస్తాయి. రకాన్ని పట్టాలంటే న్యూక్లియస్ డీఎన్‌ఏ చూడాలి.

ప్రశ్న: మేం హైస్కూల్ టీచర్లం. పిల్లలతో మా ఊరి కాలవ గట్టు మీద మందు మొక్కలన్నీ సేకరించి ఎప్పటికైనా డీఎన్‌ఏ పరీక్షకి పనికొచ్చేలా దాచాలని ఉంది. ఎలా చేయాలి? (మండపేట దగ్గర నుంచి)

జవాబు: ఈ ఉత్తరం చదివి చాలా సంతోషం వేసింది మాస్టారూ. మీ దగ్గర్లోనే, సామర్లకోటలో, 1780ల్లో విలియం రాక్స్‌బర్గ్ అనే డాక్టరు తోట వేసి, చుట్టుపక్కల మొక్కలన్నీ తెప్పించి బొమ్మలు వేయించాడు, 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళేదాకా ఇక్కడే పనిచేశాడు. పైన చెప్పిన అశోకానికి శాస్త్రీయంగా పేరు పెట్టింది కూడా ఆయనే. ఇప్పటికీ జీనోమ్ చదివినవాళ్ళు "ఇది ఫలానా మొక్క" అని రాయాలంటే, దాని వెనక ఎక్కడో ఒక హెర్బేరియంలో, అంటే ఎండిన మొక్కలు దాచే చోట, ఎండబెట్టిన అసలు నమూనా ఉండాలి, లేకపోతే డేటాబేస్‌లో పేరు తప్పు పడితే ఆ తప్పుతోనే అందరూ పోల్చుకుంటూ పోతారు.

పూత, కాయ రెండూ ఉన్న రెమ్మ తీసుకోండి, చిన్న మొక్కైతే వేరుతో సహా. పాత న్యూస్‌పేపర్ మడతల్లో పరిచి పైన బరువు పెట్టండి, మనకి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మొదటి వారం రోజూ పేపర్ మార్చాల్సిందే, లేకపోతే బూజు పట్టేస్తుంది. డీఎన్‌ఏ కోసం అదే మొక్క లేతాకులు రెండు మూడు విడిగా చిన్న కవర్లో సిలికా జెల్ గింజల మధ్య పెట్టి మూసేయండి, ఒకటి రెండు రోజుల్లో పెళపెళలాడేలా ఎండిపోవాలి, ఆకు పచ్చగానే ఉండాలి. మొక్కకీ కవర్‌కీ ఒకే నంబర్ వేయండి. పేరు తెలియకపోతే దగ్గర్లోని డిగ్రీ కాలేజీ బోటనీ వాళ్ళని అడగండి, వాళ్ళకీ తేలకపోతే హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే వాళ్ళ దక్కన్ సెంటర్ ఉంది. తేదీ, ఊరు, ఏ కాలవ, ఎవరు కోశారు, పువ్వు రంగు (ఎండితే పోతుంది కాబట్టి అక్కడికక్కడే), ఇవన్నీ పెన్సిల్‌తో రాయించండి, పెన్ను ఇంకు తడికి పాకిపోతుంది. ఆ చీటీ మీదే మీ ఊళ్ళో ఆ మొక్కని ఏమంటారో, మామ్మగారు ఒకలా పక్క వీధి వాళ్ళు ఇంకోలా అంటే ఆ రెండు పేర్లూ, వాళ్ళు పలికినట్టే పిల్లల చేత రాయించండి.